మెల్లగా నొక్కితే రాని ఫ్యూయల్ కట్: ఒక ఓవర్‌బూస్ట్ కేసు

బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, హద్దు దాటితే దాన్ని ఓవర్‌బూస్ట్ అంటాం; అప్పుడు ఇంజన్‌ను కాపాడటానికి దాని కంప్యూటర్ పెట్రోలు ఆపేయడమే ఫ్యూయల్ కట్. ఆ బాధతో ఈ కారు నా దగ్గరకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి బాగైందనుకుని పంపించాను, పదకొండు రోజులకు అదే బాధతో తిరిగొచ్చింది. ఆ మధ్యలో నేను ఎక్కడ దారి తప్పానో రాసిపెడితే ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. కారు తయారీదారు, మోడల్, యజమాని వివరాలు కావాలనే వదిలేశాను. తెలియాల్సింది ఇంతే: నాలుగు సిలిండర్ల రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, వయసు పదేళ్లు దాటింది, ఎయిర్ ఫిల్టర్ నుంచి సైలెన్సర్ దాకా బలం పెంచడానికి మార్చిందేమీ లేదు. ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) లెక్కగట్టేది ఇంటేక్ మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోని) మ్యాప్ సెన్సర్ చెప్పే ప్రెషర్‌ను బట్టే; విడిగా ఎయిర్‌ఫ్లో మీటర్ లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

ఫిర్యాదు

యజమాని చెప్పింది ఇది: "ముందు బండిని దాటుదామని పెడల్ తొక్కుతాను. ఒక్క ఊపున లేస్తుంది, అంతలోనే గోడకు గుద్దుకున్నట్టు ఆగుతుంది. కాలు తీస్తే మళ్లీ మామూలే." పొద్దున్నే చలిగా ఉన్నప్పుడు ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. మూడో గేర్‌లో, నాలుగో గేర్‌లో వస్తోంది. ఇంజన్ లైట్ ఒకసారి వెలిగింది, రెండు రోజులకు దానంతటదే పోయింది.

అప్పటికే వేరే చోట కొన్ని పార్టులు మార్చారు. ఫ్యూయల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, మ్యాప్ సెన్సర్. వాటికి రెండు నెలల ముందు, పాత రబ్బరు హోస్‌లు పగుళ్లిచ్చాయని బూస్ట్ లైన్లన్నీ సిలికాన్ హోస్‌లతో మార్పించుకున్నారు. ఈ సంగతి ఆయన మాటల్లో చాలా తేలిగ్గా దొర్లింది: "హోస్‌లన్నీ కొత్తవే, వాటితో ఇబ్బంది లేదు." నేనూ అంతే తేలిగ్గా విన్నాను. కాగితం మీద "హోస్‌లు కొత్తవి, ఓకే" అని రాసుకున్నాను. చూడకుండానే.

ముందు తేల్చాల్సిన మూడు ప్రశ్నలు

ఇలాంటి ఫిర్యాదు రాగానే పార్టుల మీద చెయ్యి వేయను. మొదటి ప్రశ్న: ఇది నిజంగా ఫ్యూయల్ కటేనా, లేక పెట్రోలు అందకపోవడమో స్పార్క్ ఆగిపోవడమో అయివుంటుందా? రెండోది: ఫ్యూయల్ కటే అయితే బూస్ట్ నిజంగానే ఎక్కువవుతోందా, లేక సెన్సర్ అబద్ధం చెబుతోందా? మూడోది: నిజంగానే ఎక్కువవుతుంటే ఏ ఆకారంలో ఎక్కువవుతోంది?

పెట్రోలు అందకపోతే ఇంజన్ బలం క్రమంగా జారుతుంది, గుంజుకుంటూ పోతుంది. బూస్ట్ ఒత్తిడికి స్పార్క్ దూకలేకపోతే టపటపమని తడబడుతుంది, మిస్‌ఫైర్ కోడ్‌లు పడతాయి. ఫ్యూయల్ కట్ అలా ఉండదు. పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ ఒకేసారి మూసుకుంటాయి కాబట్టి బలం ఒక్క క్షణంలో సున్నా అవుతుంది, ప్రెషర్ దిగగానే ఒక్క క్షణంలో తిరిగొస్తుంది. ఈసీయూ సగం పెట్రోలు తగ్గించి ఊరుకోదు. ఎందుకంటే అంత ప్రెషర్‌లో పెట్రోలు తక్కువై మండితే వేడి, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే పేలడం) రెండూ పెరిగి పిస్టన్ మీద పడతాయి. పూర్తిగా ఆపితే అసలు మంటే ఉండదు, దెబ్బ ఉండదు. డ్రైవర్‌కు గోడ తగిలినట్టు అనిపించడానికి కారణం అదే.

ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే ఫ్యూయల్ రైల్‌కు గేజ్ తగిలించి రోడ్డు మీదకు తీసుకెళ్లాను. ఈ కారులో ఫ్యూయల్ రెగ్యులేటర్‌కు మానిఫోల్డ్ నుంచి ఒక సన్న గొట్టం ఉంటుంది, బూస్ట్ ఎంత పెరిగితే రైల్ ప్రెషర్ అంతే పెరగాలి. మూడు బార్‌ల దగ్గర మొదలై, బూస్ట్ 0.9 బార్ వచ్చేసరికి 3.9 చూపించింది. కట్ వచ్చిన క్షణంలోనూ సూది పడిపోలేదు. పంపు, ఫిల్టర్ నిర్దోషులు. ప్లగ్‌ల గ్యాప్ కొలిచాను, సరిగ్గానే ఉంది.

సెన్సర్ సంగతి ఇంకా సులువు. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే మ్యాప్ సెన్సర్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. 100 కిలోపాస్కల్ చూపింది. తర్వాత చేతిపంపుతో సెన్సర్ మీద ప్రెషర్ ఎక్కిస్తూ, పక్కన పెట్టిన మెకానికల్ గేజ్‌తో పోల్చాను. 120, 150, 180, 210, ప్రతి మెట్టులోనూ రెండూ కలిశాయి. ఇక్కడి నుంచి ఈ రాతలో కిలోపాస్కల్ అంటే బయటి గాలి ఒత్తిడి కూడా కలిపిన లెక్క. బార్‌లలో చెప్పేది మాత్రం బయటి గాలికి పైన ఉన్న ఒత్తిడి; ఒక బార్ అంటే 100 కిలోపాస్కల్.

మూడో ప్రశ్న దగ్గర ఆగాలి, కేసంతా అక్కడే ఉంది. టర్బోను తిప్పే ఎగ్జాస్ట్ పొగలో కొంత పక్కకు వదిలి బూస్ట్‌ను ఆపే మూత వేస్ట్‌గేట్; గాలి ఒత్తిడితో రాడ్డును తోసి ఆ మూతను తెరిచేది యాక్చుయేటర్. ఓవర్‌బూస్ట్ మూడు రకాలుగా కనిపిస్తుంది. యాక్చుయేటర్ హోస్ ఊడిపోయినా, డయాఫ్రమ్ చిరిగినా, వేస్ట్‌గేట్ మూత తుప్పుపట్టి బిగుసుకుపోయినా, బూస్ట్ ఎక్కడా ఆగకుండా ఎక్కుతుంది. వేస్ట్‌గేట్ పూర్తిగా తెరుచుకున్నా ఎగ్జాస్ట్ పొగంతా పక్కదారి పట్టడానికి ఆ రంధ్రం చాలకపోతే, ఆర్పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ నెమ్మదిగా పాకుతుంది. సైలెన్సర్ మార్చి దారి ఖుల్లా చేసిన కార్లలో ఇది మామూలు. మూడోది ఎగిరిపడటం: ఒక్కసారిగా హద్దు దాటి, వెంటనే దిగి, లక్ష్యం దగ్గర కూర్చుంటుంది. మూడింటికీ ఒకే కోడ్ పడుతుంది, పి0234. ఆ కోడ్‌ను చూసి ఏ పార్టు మార్చాలో నిర్ణయించడం అంటే జ్వరం చూసి రోగం పేరు చెప్పడం లాంటిది.

మొదటి రాకడ: నా పొరపాటు

ఈ ఇంజన్‌లో ఈసీయూ అడిగే బూస్ట్ 190 కిలోపాస్కల్. కట్ పడే హద్దు, సర్వీస్ వివరాల ప్రకారం, 215. ల్యాప్‌టాప్ స్కానర్‌లో ఈసీయూ నుంచి రికార్డు (లాగ్) చేయడానికి ఎనిమిది విలువలు పెట్టుకుని, సహాయకుణ్ని పక్క సీట్లో కూర్చోబెట్టి, ఖాళీగా ఉన్న ఎత్తు రోడ్డు మీద మూడో గేర్‌లో తొక్కాను. కట్ వచ్చింది. లాగ్ తెరిచి చూస్తే గరిష్ఠం 207. హద్దు 215 కదా, 207కే కట్ ఎందుకు పడింది?

అక్కడ గంటసేపు తప్పుదారిలో నడిచాను. వైరింగ్ అనుకున్నాను, ఈసీయూ గ్రౌండ్ అనుకున్నాను. చివరికి తట్టింది: ఎనిమిది విలువలు అడిగితే స్కానర్ ఒక్కోదాన్ని సెకనుకు రెండుసార్లే చదువుతోంది. శిఖరం ఆ రెండు చుక్కల మధ్యలో దాటిపోతోంది. విలువలు రెండుకు తగ్గించి మళ్లీ తొక్కితే 214 కనిపించింది. స్కోప్ (సిగ్నల్‌ను క్షణక్షణం గీతగా చూపే పరికరం) పెట్టి మ్యాప్ సెన్సర్ వోల్టేజీ ఒక ఛానెల్‌లో, ఒకటో ఇంజెక్టర్ సిగ్నల్ ఇంకో ఛానెల్‌లో చూస్తే అసలు బొమ్మ బయటపడింది. ప్రెషర్ 219 దాకా ఎగిరింది, 215 దాటిన వెంటనే ఇంజెక్టర్ పల్స్‌లు మాయమయ్యాయి, ఆ తర్వాత తిరిగొచ్చాయి. కట్ నిజం, బూస్ట్ నిజం, ఆకారం ఎగిరిపడే రకం.

ఎగిరిపడుతోంది కాబట్టి వేస్ట్‌గేట్ ఆలస్యంగా తెరుచుకుంటోందని అర్థం. ఇంతవరకు తర్కం సరైనదే. చేతిపంపు నేరుగా యాక్చుయేటర్ నోటికి తగిలించాను. 0.45 బార్ దగ్గర రాడ్డు కదిలింది, 0.7 వచ్చేసరికి పూర్తిగా తోసుకొచ్చింది, ప్రెషర్ నిలబడింది. లీకు లేదు, మూత ఎక్కడా పట్టేయలేదు. యాక్చుయేటర్‌కు వెళ్లే గాలిని ఈసీయూ మాట మీద పక్కకు వదిలే కరెంటు వాల్వు సోలినాయిడ్; దాని రెసిస్టెన్స్ 29 ఓమ్‌లు. పన్నెండు వోల్టులు ఇస్తే టక్కుమని తెరుచుకుంది, తీస్తే గట్టిగా మూసుకుంది.

అన్నీ బాగున్నాయి. అయినా జబ్బు ఉంది. ఇలాంటి చోటే ఓపిక పట్టాలి. నేను పట్టలేదు. స్ప్రింగ్ వయసుతో పాటు ఏదో కొంచెం మారి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, యాక్చుయేటర్ రాడ్డును మూడు చుట్లు పొడవు చేశాను. రాడ్డు పొడవైతే మూత మీద స్ప్రింగ్ బిగువు తగ్గుతుంది, వేస్ట్‌గేట్ ముందే తెరుచుకుంటుంది. ఆ మధ్యాహ్నం ఎంత తొక్కినా కట్ రాలేదు. కారు అప్పగించాను. ఆ మూడు చుట్లూ లెక్కపెట్టి కార్డు మీద రాయడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

రెండో రాకడ

చలి పెరిగిన ఒక ఉదయం యజమాని ఫోన్ చేశారు. కట్ మళ్లీ వచ్చింది. దానికి తోడు కారు కింద ఆర్పీఎంలలో బద్ధకంగా ఉందట, లేవడానికి ఆలస్యం చేస్తోందట. అదీ నా పుణ్యమే. బిగువు తగ్గిన మూతను ఎగ్జాస్ట్ ఒత్తిడి కొద్దిగా తెరిచి పట్టుకుంటోంది, టర్బో ఆలస్యంగా తిరుగుతోంది. చలిగాలి చిక్కగా ఉంటుంది, అదే తొక్కుడుకు ఎక్కువ గాలి, ఎక్కువ ఎగ్జాస్ట్, టర్బో మరింత వేగంగా అందుకుంటుంది. ఆలస్యం అలాగే ఉంది కాబట్టి ఎగరడమూ తిరిగొచ్చింది.

అప్పుడే ఆయన ఒక మాటన్నారు: "ఆ కట్ రాకుండా చేసే చిన్న డబ్బా దొరుకుతుందట కదా, అది పెట్టేయండి." మ్యాప్ సెన్సర్ సిగ్నల్‌ను ఒక వోల్టేజీ దగ్గర ఆపేసే పరికరం అది. వద్దన్నాను, కారణం కూడా చెప్పాను. ఈ కారులో గాలి లెక్క మ్యాప్ సెన్సర్‌దే. దాని నోరు 210 దగ్గర నొక్కేస్తే, నిజంగా 220 ఉన్నా ఈసీయూ 210కి సరిపడా పెట్రోలే పోస్తుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, ఒత్తిడి గరిష్ఠం. మన కారును కాపాడుతున్నది ఆ కట్ ఒక్కటే, దాన్ని తీసేసి ఇంజన్‌ను వదిలేయలేను అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఇంకో మూడు రోజులు అడిగాను.

ముందు రాడ్డును కార్డులో ఉన్న లెక్క ప్రకారం మూడు చుట్లు వెనక్కి తిప్పి పాత చోటికి తెచ్చాను. నా చేతి మార్పు మధ్యలో ఉంటే ఏ కొలతనూ నమ్మలేను.

తర్వాత మొదటిసారి లాగ్‌లు మళ్లీ తీశాను. ఈసారి శిఖరాన్ని వదిలేసి, ఎగిరి దిగి కూర్చున్న తర్వాతి భాగం చూశాను. బూస్ట్ 190, అడిగింది 190, చూడటానికి చక్కగా ఉంది. పక్క వరుసలో సోలినాయిడ్ డ్యూటీ (మొత్తం సమయంలో అది తెరిచి ఉండే వాటా) 18 శాతం. ఇదే ఇంజన్ ఉన్న ఇంకో మంచి కారు లాగ్ నా దగ్గర ఉంది, అదే గేర్, అదే ఆర్పీఎం. అందులో 190 నిలబెట్టడానికి ఈసీయూ 45 శాతం ఇస్తోంది.

ఇక్కడ బూస్ట్ కంట్రోల్ ఎలా పనిచేస్తుందో ఒకసారి చెప్పుకోవాలి. టర్బోలో గాలిని నెట్టే భాగం కంప్రెసర్; దాని నోటి నుంచి ఒక సన్న హోస్ బయల్దేరుతుంది. ఆ హోస్ మొదట్లోనే, లోపల, మిల్లీమీటరు కొద్దిగా దాటిన రంధ్రంతో ఒక ఇత్తడి ముక్క ఉంటుంది. మేము జెట్ అంటాం. జెట్ దాటాక టీ, అంటే T ఆకారంలో దారిని రెండుగా చీల్చే ముక్క. ఒక కొమ్మ వేస్ట్‌గేట్ యాక్చుయేటర్‌కు, ఇంకో కొమ్మ సోలినాయిడ్ గుండా టర్బో ముందరి ఇంటేక్ పైపులోకి. సోలినాయిడ్ ఎంత ఎక్కువసేపు తెరిచి ఉంటే అంత గాలి పక్కకు కారిపోతుంది, యాక్చుయేటర్‌కు తెలిసే ఒత్తిడి అంత తగ్గుతుంది, బూస్ట్ అంత పెరుగుతుంది. జెట్ లేకపోతే కంప్రెసర్ గాలి ధారాళంగా వచ్చేస్తుంది, సోలినాయిడ్ ఎంత వదిలినా చాలదు.

అంటే 18 శాతంతోనే 190 వస్తోందంటే, కొంచెం వదిలినా చాలా ఎక్కువ వదిలినట్టే అవుతోంది. జెట్ దాటి లోపలికి వచ్చే గాలే తక్కువగా ఉంటే అలా అవుతుంది. ఈసీయూ తన దిద్దుబాటుతో డ్యూటీ తగ్గించుకుంటూ 190 నిలబెట్టింది, అందుకే నిలకడగా ఉన్నప్పుడు ఏ తప్పూ కనిపించలేదు. నేను ఫలితం చూశాను కానీ ఆ ఫలితం కోసం ఈసీయూ ఎంత సర్దుకుపోతోందో చూడలేదు. ఆ అంకె మొదటిరోజు నుంచీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

ఇంకో ఆధారం రోడ్డు మీద దొరికింది. మూడో గేర్‌లో 3,000 ఆర్పీఎం దగ్గర పెడల్‌ను ఒక్కసారిగా కింది దాకా తొక్కితే కట్. అదే చోట నుంచి పెడల్‌ను నాలుగు సెకన్లలో మెల్లగా కింది దాకా తీసుకెళ్తే కట్ లేదు, 190 దగ్గర మెత్తగా ఆగింది. చివరికి రెండింట్లోనూ పెడల్ పూర్తిగా తొక్కే ఉంది, బూస్ట్ 190కే చేరింది. తేడా అంతా ఎక్కే వేగంలోనే ఉంది. వేస్ట్‌గేట్ రంధ్రం చాలక పాకే రకమైతే మెల్లగా తొక్కినా పై ఆర్పీఎంలలో పాకేది. మూత పట్టేసి ఉంటే రెండు సందర్భాల్లోనూ కట్ పడేది.

కాలాన్ని కొలవడం

చేతిపంపు పరీక్షలో నేను చేసిన తప్పు అప్పుడు అర్థమైంది. పంపును నేరుగా యాక్చుయేటర్‌కు తగిలించాను. అంటే జెట్, టీ, హోస్ మొత్తం పక్కకు తప్పించి పరీక్షించాను. యాక్చుయేటర్ బాగుంది, సోలినాయిడ్ బాగుంది, వాటి మధ్య దారిని నేను అసలు పరీక్షించనే లేదు. పైగా చేతిపంపుతో తాపీగా ఎక్కించినప్పుడు ఎంత ప్రెషర్‌కు కదిలిందో తెలుస్తుంది కానీ ఎంతసేపటికి కదిలిందో తెలియదు.

ఒత్తిడిని వోల్టేజీగా మార్చి చూపే రెండు ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్‌లు తీసుకున్నాను. ఒకటి మానిఫోల్డ్ మీద, ఇంకోటి యాక్చుయేటర్ నోటి దగ్గర టీ వేసి. రెండూ స్కోప్ మీద. ఎత్తు రోడ్డు, మూడో గేర్, ఒక్కసారిగా తొక్కుడు. మానిఫోల్డ్ గీత నిటారుగా లేచింది. యాక్చుయేటర్ గీత కింద చాలాసేపు పాకి, తర్వాత లేచింది. ఈసీయూ డ్యూటీ తగ్గించిన క్షణం నుంచి యాక్చుయేటర్ దగ్గర 0.45 బార్ చేరడానికి 0.4 సెకను పట్టింది. ఐదుసార్లు తొక్కాం, ఐదుసార్లూ 0.38కీ 0.42కీ మధ్యే.

0.4 సెకను వినడానికి చిన్నదే. లెక్క వేసి చూడండి. ఒక్కసారిగా తొక్కినప్పుడు ఈ ఇంజన్‌లో బూస్ట్ సెకనుకు దాదాపు 100 కిలోపాస్కల్ చొప్పున ఎక్కుతోంది. ఈసీయూ 180 దగ్గర వేస్ట్‌గేట్ తెరవమని చెబుతుంది. తెరుచుకోవడానికి 0.4 సెకను పడితే ఈలోపు 40 పెరిగి 220 అవుతుంది, హద్దు 215. మెల్లగా తొక్కినప్పుడు సెకనుకు 25 చొప్పునే ఎక్కుతుంది, 0.4 సెకనుకు 10, మొత్తం 190. స్కోప్ మీద కనిపించిన 219, మెల్లగా తొక్కితే కట్ రాకపోవడం, రెండూ ఈ ఒక్క లెక్కలో కూర్చున్నాయి. ఆ లెక్క కాగితం మీద కుదిరిన తర్వాతే హోస్‌ల మీద చెయ్యి వేశాను.

ఇంజన్ ఆపాం. కంప్రెసర్ దగ్గర హోస్ తీసి, రెగ్యులేటర్‌తో 0.7 బార్‌కు కట్టిన గాలి లైన్ ఆ చివర తగిలించాను. సోలినాయిడ్ కరెంటు లేక మూసుకునే ఉంది. వాల్వు తిప్పగానే రాడ్డు టక్కున రావాలి. నా సహాయకుడు టార్చి పట్టుకుని వంగి చూస్తున్నాడు. "అన్నా, నీ గేజ్ సూది లేచింది గానీ రాడ్డు ఇంకా రాలేదు," అన్నాడు. అని ముగించేలోపు రాడ్డు కదలడం మొదలైంది. ఒరలోంచి కత్తి తీసినట్టు రావాల్సింది, బురదలోంచి కర్ర లాగినట్టు వచ్చింది.

కొత్త సిలికాన్ హోస్‌ను చివరి నుంచి రెండు వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లాను. నాలుగు వేళ్ల దూరంలో లోపల గట్టిగా గింజలా తగిలింది. జెట్ అది. హోస్ మార్చినవాళ్లు దాన్ని పారేయకుండా పాత హోస్‌లోంచి తీసి కొత్తదానిలో పెట్టారు, సరైన చోటే, టీకి ముందే. వాళ్ల జాగ్రత్తను మెచ్చుకోవాలి. హోస్ కోసి జెట్ బయటకు తీసి వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు, చంద్రవంకలా ఉంది. ఎర్రటి గ్యాస్కెట్ సీలెంట్ పొర ఒకటి ఎండి రంధ్రాన్ని సగానికి పైగా కప్పేసింది. జెట్ కదలకుండా ఉండాలని చుట్టూ కొంచెం పేస్ట్ రాసినట్టున్నారు. లోపలికి తోసేటప్పుడు ఆ పేస్ట్ ముందుకు జరిగి నోటికి అంటుకుంది.

పొరను గీకలేదు. ఇత్తడి మెత్తన, సూది పెడితే రంధ్రం పెద్దదవుతుంది, బూస్ట్ లెక్కే మారిపోతుంది. ద్రావకంలో నానబెట్టి, మెత్తబడ్డాక గాలితో ఊదాను. పొర వేలిగోరు మీద ఇమిడేంత ముక్కగా ఊడివచ్చింది. డ్రిల్ బిట్ల వెనక వైపు నున్నటి కాడలను గేజ్‌లుగా వాడి రంధ్రం కొలిచాను: 1.2 లోపలికి వెళ్తోంది, 1.3 వెళ్లడం లేదు. కొత్త హోస్‌లో పేస్ట్ లేకుండా, బిగుతుగా పట్టే కొలతలోనే పెట్టాను. బయటి నుంచి సన్నని క్లిప్పు.

అదే గాలి పరీక్ష మళ్లీ చేశాం. వాల్వు తిప్పడం, రాడ్డు రావడం ఒకేసారి అనిపించింది. రోడ్డు మీద స్కోప్ 0.1 సెకను చూపింది. శిఖరం 193.

డ్యూటీ మాత్రం మొదటి రోజు 26 దగ్గరే ఉంది. ఈసీయూ నెలల తరబడి నేర్చుకున్న దిద్దుబాటు ఒక్కరోజులో పోదు. నేర్చుకున్నదాన్ని స్కానర్‌తో చెరిపేయవచ్చు, కానీ నేను కావాలనే చెరపలేదు. దానంతటదే 45 వైపు నడుస్తుందా అన్నది నా మరమ్మతుకు సాక్ష్యం. యజమానిని వారం రోజులు మామూలుగా నడపమన్నాను.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

బూస్ట్ ఫిర్యాదుతో వచ్చిన ప్రతి కారుకూ ఇప్పుడు యాక్చుయేటర్ పరీక్ష కంప్రెసర్ చివర నుంచే మొదలుపెడతాను, మొత్తం దారి గుండా. రాడ్డు ఎంత ప్రెషర్‌కు కదిలిందన్నదానితో పాటు ఎంత చురుగ్గా కదిలిందో కూడా రాస్తాను. ఆ పరీక్షలో తేడా వస్తేనే ఒక్కో పార్టూ విడదీసి చూడటం.

లాగ్‌లో బూస్ట్ పక్కన డ్యూటీ తప్పకుండా ఉంటుంది, కానీ మొత్తం మూడు విలువలకు మించి పెట్టను. ఎగిరిపడే జబ్బుకు నెమ్మది లాగ్ పనికిరాదు. ఆ 207 నన్ను గంటసేపు వైరింగ్ వెంట తిప్పిందంటే తప్పు స్కానర్‌ది కాదు, ఎనిమిది విలువలు అడిగిన నాది. బాగున్న కార్ల లాగ్‌లు పారేయకుండా దాచడం కూడా అప్పటి నుంచే గట్టిగా పాటిస్తున్నాను. ఆ 45 శాతం అంకె దగ్గర లేకపోతే 18 నాకు ఏమీ చెప్పేది కాదు.

మెల్లగా తొక్కడం, ఒక్కసారిగా తొక్కడం అనే జంట పరీక్షకు పనిముట్టేదీ అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. అది మొదటిరోజే చేసివుంటే రాడ్డు జోలికి వెళ్లేవాణ్ని కాదు. రాడ్డు గురించి ఒక మాట గట్టిగా చెబుతాను. కారణం దొరకకముందు దాన్ని తిప్పడం జబ్బును కాదు, జబ్బు కనిపించే ప్రెషర్‌ను మార్చడం. నేను చేసింది సరిగ్గా అదే, దానికి యజమాని పదకొండు రోజులు ప్రమాదకరమైన కారు నడిపారు. ఓవర్‌టేక్ మధ్యలో బలం పోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. రెండోసారి కారు తీసుకునేటప్పుడు ఆయనకు క్షమాపణ చెప్పాను.

ఇక "కొత్తది" అన్న మాట. ఏ పార్టు కొత్తదైతే, అది ఎప్పుడు మార్చారు, జబ్బు ఎప్పుడు మొదలైంది అని తేదీలు పక్కపక్కన రాస్తున్నాను. ఈ కారులో హోస్‌లు మార్చడానికీ మొదటి కట్‌కూ మధ్య ఐదు వారాలే. ఆ ఐదు వారాలు ఎండగా ఉండటం వల్ల, యజమాని మెల్లగా నడిపే మనిషి కావడం వల్ల ఆ రెండింటికీ సంబంధం ఎవరికీ కనిపించలేదు. బూస్ట్ సన్న లైన్లకు సీలెంట్ మా షెడ్డులో ఎవరూ వాడరు. హోస్ సరైన కొలతలో ఉంటే దాని అవసరమే రాదు.

వారం తర్వాత కారు తెచ్చారు. తెల్లవారుజామున, నాకు దొరికిన అన్నిటికన్నా చల్లటి గాలిలో, మూడో గేర్‌లో ఆరుసార్లు, నాలుగో గేర్‌లో నాలుగుసార్లు ఒక్కసారిగా తొక్కాం. శిఖరం 196 దాటలేదు. కార్డు మీద రాసిన చివరి వరుస ఇది: రాడ్డు అసలు కొలతలో, జెట్ 1.2, ఆలస్యం 0.1 సెకను, నిలకడ డ్యూటీ 44.